గీతకు అటువైపు పడ్డ క్లైవార్డ్

"మంగళవారం నేను రాను" అని మా ఆయన క్రైన్, బూట్లు విప్పుకుంటూ, అన్నచోట పోయినవారం ఆగాం. ఎందుకు రావని అడిగాను. బూట్లు రెండూ తలుపు పక్కన సర్దిపెట్టి, పైకెళ్ళి పడుకున్నాడు. పడుకున్నవాణ్ణి లేపి పోట్లాడే ఓపిక నాకూ లేకపోయింది. శనివారమంతా ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా తిరిగాం.

ఈ వారమే చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. మా ఊరు క్లైవార్డ్. మాస్ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, దక్షిణపు ఒడ్డున ఉంటుంది. ఎదురుగా నది, వెనక ఓడరేవు. మా తాతల కాలంలో ఓడరేవు రాటర్‌డామ్ నగరం నడిబొడ్డునే ఉండేదట. ఓడలు పెద్దవైనకొద్దీ అది సముద్రం వైపు జరుగుతూ వచ్చింది. జరిగిన ప్రతిసారీ దారిలో ఉన్న ఊరో పొలమో దాని కడుపులోకి పోయింది. చివరికి నేల చాలక సముద్రంలో ఇసుక పోసి నేల చేసుకున్నారు. సముద్రాన్నే పూడ్చినవాళ్ళకు మా ఒక్క ఊరు అడ్డమొచ్చింది.

పోయిన నవంబరులో ఈ ప్రాంతమంతటికీ కొత్త పటం గీశారు. హేగ్ నుంచి డోర్‌డ్రెక్ట్ దాకా ఎక్కడ ఇళ్ళు కట్టాలి, ఎక్కడ టమాటాల గాజు షెడ్లు ఉండాలి, ఎక్కడ చెట్లు, ఎక్కడ ఓడలు అన్నీ అందులోనే. ఓడరేవు హద్దు మా ఊరి వెనక కాలవ దగ్గర ఆగాలి. అది ఊరి మీదుగా వచ్చి నది గట్టు మీద కూర్చుంది. ఆ గీత ఖాయమైంది నది అవతల, మాస్‌స్లౌస్ ఊరి హాల్లో జరిగిన సమావేశంలో; అక్కడ మా ఊరి తరఫున కూర్చున్నది క్రైన్. మా దేశంలో ఇలాంటి చోట చేతులెత్తడం, ఓట్లు లెక్కపెట్టడం ఉండవు. అధ్యక్షుడు టేబులు చుట్టూ ఓసారి చూస్తాడు. ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మా ఊరి సంగతి వచ్చేసరికి తను అక్కడ లేనని, ఆఖరి పడవ తప్పిపోతుందని ముందే లేచి వచ్చేశానని క్రైన్ చెప్పాడు. ఊరి మనిషి లేనప్పుడు ఊరి మీద గీసిన గీత చెల్లదు. మంగళవారం హేగ్‌లో న్యాయమూర్తుల ముందు నేను చెప్పబోయే వాదన అంతే. నాకున్న ఒకే సాక్షి క్రైన్. ఆ సాక్షి రానంటున్నాడు.

ఆదివారం క్రైన్ మేనత్త ప్లూనీ పుట్టినరోజు. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకపోయినా పుట్టినరోజుకు మాత్రం వెళ్ళి తీరాలి. ఊళ్ళో మిగిలిన ఇళ్ళే పిడికెడు. ఎవరు రాలేదో తలుపు తీయగానే తెలిసిపోతుంది.

ప్లూనీ అత్తయ్య ముందుగదిలో కుర్చీలన్నీ గోడల వెంట గుండ్రంగా వేసి ఉన్నాయి. కోటు తగిలించి, ఒక చివర మొదలుపెట్టి, మా ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరి చెయ్యి అందుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళాను. "మీ అత్తగారి పుట్టినరోజుకు అభినందనలు", "మీ అమ్మగారి పుట్టినరోజుకు అభినందనలు", "మీ పక్కింటావిడ పుట్టినరోజుకు అభినందనలు". అసలు పుట్టినరోజావిడ దగ్గరికి చేరేసరికి నా దగ్గర అభినందనలు అయిపోయాయి.

"ఏమే తీనెకె, మొహం అట్లా వేలాడేశావు? పుట్టింది నేనా, పోయింది నేనా?" అంది అత్తయ్య.

"నిద్ర లేదు అత్తయ్యా. మంగళవారం గురించి."

"ఆ, మంగళవారం" అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ. కిటికీ నిండా కంటైనర్లు. ఒకప్పుడు అక్కడ బంగాళాదుంప పొలం ఉండేది. ఇప్పుడు ఎర్రవి, నీలివి, ఆకుపచ్చవి, ఇనప పెట్టెలు మేడల్లా పేర్చి ఉన్నాయి. అత్తయ్య కొడుకు లేన్‌డర్ట్, ఏ ఓడ వాళ్ళు ఏ రంగు పెట్టెలు దింపారో చూసి గాలి ఎటు తిరుగుతుందో చెబుతాడు. అతని జోస్యం ఎప్పుడూ నిజం కాలేదు.

కాఫీ వచ్చింది, తలా ఒక ముక్క కేకు వచ్చింది. రెండో ముక్క ఎవరూ అడగరు, ఎవరూ పెట్టరు. కాఫీ చేతిలోకి రాగానే మా ప్రాంతం మగవాళ్ళకు ఒకే సంగతి, ఏ దారిన వచ్చావన్నది. ఇక్కడ మనుషులు పుట్టేది ఒక ఒడ్డున, పని చేసేది ఇంకో ఒడ్డున, చుట్టాలుండేది మూడో చోట. మధ్యలో అంతా నీళ్ళూ, పైకి లేచే వంతెనలూ, కార్లతో నిండిపోయే సొరంగాలూ. అందుకని కాఫీ చల్లారేలోగా ప్రతివాడూ తన దారి చెప్పుకోవాలి.

"బోట్లెక్ వంతెన లేపారు. ఒక్క చిన్న ఓడకోసం! ఇంజను ఆపేసి కునుకు తీశా" అన్నాడు లేన్‌డర్ట్ అల్లుడు.

"సొరంగం దారిన రావాల్సింది" అన్నాడు లేన్‌డర్ట్.

"సొరంగమా? ఆదివారం పూటా? మావయ్యా, నువ్వు ఇల్లు కదిలి ఎన్నాళ్ళయింది?"

అందరూ నవ్వారు. అవతలి ఒడ్డున మాస్‌స్లౌస్‌లో ఉండే యోరీన్, అత్తయ్య చెల్లెలి కూతురు, కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తన వంతు అందుకుంది.

"మీకేం, కార్లున్నాయి. నాకున్నది పడవ ఒక్కటే. ఇవాళ నయం. పోయిన నవంబరులో పెద్దమ్మకు చారు పట్టుకుని బయల్దేరితే ఒకటే పొగమంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. మధ్యాహ్నం నుంచే పడవ కట్టేశారు, ఇక ఆ రోజుకు లేదన్నారు. చారు గిన్నె పట్టుకుని వెనక్కి."

"నువ్వు పెట్టే చారుకు అదే మంచిదయింది" అంది అత్తయ్య.

"నవ్వండి, నవ్వండి. తిరిగొస్తుంటే హాలు ముందు కారు మీద కారు, నడవడానికి చోటు లేదు. అదే, ఆ పటం సమావేశం ఆ సాయంత్రమే కదా. ఇంత పొగమంచులో క్రైన్ ఇంటికెట్లా పోతాడో అనుకున్నా కూడా."

నేను కేకు నములుతున్నాను. పడవ లేదు. మధ్యాహ్నం నుంచే లేదు. పడవ లేకపోతే ఆఖరి పడవ లేదు. ఆఖరి పడవ లేకపోతే దాని కోసం లేచి రావడం లేదు. ఆ మూడు రోజులు నేను జ్వొలెలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. పొగమంచు సంగతి నాకెవరూ చెప్పలేదు. ఊళ్ళో అందరికీ కనపడిన పొగమంచు నా ఒక్కదానికే కనపడలేదు.

క్రైన్ వైపు చూశాను. పళ్ళెంలో కేకు తునకలను చెంచాతో ఒక పక్కకు చేరుస్తున్నాడు.

"కాఫీ ఎవరికి?" అంటూ లేన్‌డర్ట్ భార్య షాన్ గబుక్కున లేచింది. "యోరీన్, నీకు పోయనా? తీనెకె, నీకు?" అప్పటికి ఎవరి కప్పూ ఖాళీ కాలేదు.

"నేను జున్ను కోస్తాను" అని నేనూ లేచాను. "క్రైన్, కాస్త వచ్చి సాయం పట్టు."

"జున్నుకు ఇద్దరెందుకు?" అన్నాడు లేన్‌డర్ట్. ఎవరూ నవ్వలేదు.

వంటింటి తలుపు వేశాను. అత్తయ్య వంటింట్లో ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బయట తీసుకోవాలి. క్రైన్ గిన్నెలు కడిగే తొట్టికి ఆనుకుని నిలబడ్డాడు. నేను గట్టి జున్ను దిమ్మను చెక్క మీద పెట్టి కత్తి తీశాను. ముక్కలు కోయడం మొదలుపెట్టాను.

"ఆ రోజు పడవ లేదు" అన్నాను.

"లేదు."

"మరి ఏ పడవ కోసం లేచొచ్చావు?"

"లేవలేదు."

"అంటే?"

"కూర్చునే ఉన్నా, తీనెకె. చివరిదాకా. మన ఊరి సంగతి వచ్చింది. అధ్యక్షుడు అందరివైపూ చూశాడు. నావైపూ చూశాడు. పాపం, చాలాసేపే చూశాడు. ఏదో ఒకటి అంటాననుకున్నాడు."

"నువ్వేం చేశావు?"

"నీళ్ళు తాగా."

"నీళ్ళు తాగావా?"

"దాహమేసింది."

చేతిలో కత్తి ఉంది గనక దాన్ని చెక్క మీద పడుకోబెట్టాను. నాకు తెలిసిన తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. అవతల గదిలో అందరూ ఒక్కసారిగా వాతావరణం గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఏడు నెలలు" అన్నాను. "ఏడు నెలలుగా నీ కళ్ళముందే లాయరు చుట్టూ తిరుగుతున్నా. రోజూ భోజనం దగ్గర చెబుతున్నా, 'నువ్వు అక్కడ లేవు, అదే మన బలం' అని. నువ్వు బంగాళాదుంపలు వడ్డించుకుంటూ వింటున్నావు. ఒక్కసారి, ఒక్క పూట చెప్పలేకపోయావా?"

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"ప్రతిపూటా." క్రైన్ కళ్ళు రుద్దుకున్నాడు. "మంగళవారం నన్ను నిలబెట్టి అడుగుతారు. అడిగితే అక్కడ అబద్ధం చెప్పలేను. అందుకే రానన్నా. వచ్చి నిన్ను అందరిలో ఓడించడం ఎందుకని."

"రాకపోతే గెలుస్తానా?"

"రాకపోతే కనీసం నా చేత ఓడవు."

అబద్ధమాడినవాడు ఇంత మెత్తగా మాట్లాడితే పోట్లాడటానికి పట్టు దొరకదు. ముప్ఫై ఏళ్ళుగా క్రైన్‌తో నాకున్న చిక్కే అది.

"ఎందుకు చేశావు?"

బయట ఎక్కడో క్రేను ఒక పెట్టెను ఓడలోకి దింపింది. చప్పుడుకు కిటికీ అద్దం గలగలలాడింది. ఆ చప్పుడుకు మా ఊళ్ళో పసిపిల్లలు కూడా ఉలిక్కిపడరు. ఇప్పుడు పసిపిల్లలూ లేరనుకోండి.

"అలిసిపోయా" అన్నాడు. "నిజం చెప్పాలంటే అంతే. నేను చిన్నవాడిగా ఉన్నప్పుడొక పటం వచ్చింది. నాన్న పోరాడి ఆపాడు. బడి పోయింది, ఊరుంది. తర్వాత ఇంకో పటం. అత్త పోరాడింది. చర్చి మూసేశారు, ఊరుంది. తర్వాతది నువ్వు ఆపావు. రొట్టెల కొట్టు పోయింది, బస్సు పోయింది. గెలిచిన ప్రతిసారీ ఒకటి పోతూనే ఉంది. ఇంకోసారి గెలిస్తే ఏం మిగులుతుంది? ఉత్తరాల డబ్బా ఉంది, అదా?"

"అలిసిపోతే నువ్వు తప్పుకోవాలి. ఊరినెట్లా రాసిస్తావు? ఊరు నీ ఒక్కడిదా?"

"కాదు. అందుకే అడిగా."

"ఎవర్ని?"

"అందర్నీ. సమావేశానికి ముందు ఇంటింటికీ వెళ్ళా. నువ్వు జ్వొలెలో ఉన్నావు." తల ఎత్తి నావైపు చూశాడు. "గీత ఎక్కడుండాలని అడిగా. ఒక్క ఇంట్లో కూడా కాలవ దగ్గరే ఆపమనలేదు."

"అబద్ధం."

"అబద్ధాలు ఇందాకటితో అయిపోయాయి. వెళ్ళి అడుగు."

జున్ను ముక్కల పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. జున్ను నంజుకునే ఆవాల ముద్ద గిన్నె మరిచిపోయాను. నన్ను చూడగానే వాతావరణం సంగతి ఆగిపోయింది. గుండ్రంగా కూర్చున్నవాళ్ళలో ఒక్కరు కూడా నా కళ్ళలోకి చూడలేదు. అడగకముందే నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను. కాళ్ళకింద నేల కదిలిపోతుంటే మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి కదా.

"క్రైన్ అంటున్నది నిజమేనా?"

లేన్‌డర్ట్ గొంతు సవరించుకున్నాడు. "చూడు తీనెకె, అంటే, మాటలో మాటగా..."

"అన్నయ్యా, అవునా, కాదా?"

"నువ్వు పక్కనుండరా, వెధవా" అంది ప్లూనీ అత్తయ్య కొడుకుతో. కుర్చీ చేతులు పట్టుకుని నిటారుగా కూర్చుంది. "అవునే. నిజమే. అందరికంటే ముందు చెప్పింది నేను."

"మీరా అత్తయ్యా? ఆ రోజుల్లో బుల్‌డోజరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న మీరా?"

"అప్పుడు నా నడుము వంగేది. ఇప్పుడు కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి." అత్తయ్య ఒక జున్ను ముక్క తీసుకుంది కానీ తినలేదు. "పక్కింటికి పోవాలంటే లారీలు ఆగేదాకా నిలబడాలి. డాక్టరు రావాలంటే పైకి లేపిన వంతెన కిందికి దిగాలి. ఆరేసిన దుప్పటి తీస్తే నల్లగా ఉంటుంది. నాకు ఓపిక లేదే. చచ్చేలోగా ఒక్క వేసవన్నా కిటికీ తెరిచి పడుకోవాలని ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

షాన్ ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ దేనికైనా ఏడుస్తుంది.

"నీకెట్లా చెప్పాలే?" అంది అత్తయ్య. "వానలో బోర్డు పట్టుకుని వస్తావు. 'అత్తయ్యా, మనం వదలం' అంటావు. నీ మొహంలో ఆ వెలుగు చూసి, నేను వదులుతానే అని ఎవరంటారు? ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాం. ఎప్పుడో అప్పుడు నువ్వే విసిగిపోతావనుకున్నాం. నువ్వు విసగవు కదే! మా అందరి ఓపికా నీకొక్కదానికే ఇచ్చాడు దేవుడు."

సిగ్గుతో చచ్చిపోయాను. కోపం తర్వాత వచ్చింది. ఇన్నాళ్ళూ ఊరంతా నా వెనక ఉందని చెప్పి హేగ్ వీధుల్లో అరిచాను, పత్రికవాళ్ళ ముందు గొంతు చించుకున్నాను. ఊరేమో నన్ను నొప్పించకూడదని టోపీలు పెట్టుకుని నా వెనక వానలో నడిచింది. వాళ్ళ కోసం నేను, నా కోసం వాళ్ళు. ఎవరికీ అక్కర్లేని పోరాటంలో అందరం తడిశాం.

"ఎక్కడికి పోతారు?" అన్నాను.

"స్పైకెనిస్సె దాటాక, పాత మాస్ పాయ ఒడ్డున కొత్త ఇళ్ళు కడుతున్నారు కదా" అన్నాడు లేన్‌డర్ట్. ఆ మాటతో అతని మొహం ఎంత తేటబడిందో అతనికే తెలియలేదు. "ఒకే వీధి ఇమ్మన్నాం. ఒప్పుకున్నారు. అమ్మ మధ్యలో, మేం పక్కన, ఎదురుగా వాళ్ళూ వీళ్ళూ. వెనకాల అంతా పచ్చికే. ఆవులు కూడా ఉన్నాయి."

"ఆవులు" అన్నాను.

"నిజం ఆవులు" అంది షాన్, ముక్కు తుడుచుకుంటూ.

అంటే ఇళ్ళు కూడా అయిపోయాయి. గీత గీయించుకుని, గీతకు అటువైపు ఎవరు ఎవరి పక్కన ఉండాలో కూడా సర్దుకున్నారు. నేను మాత్రం మంగళవారానికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను.

"మా ఇల్లెక్కడ?" అని అడిగాను. ఎందుకడిగానో నాకు తెలియదు. వెళ్ళాలని కాదు. ఒకే వీధి అన్నారు కనుక ఏ చివర పడేశారో చూద్దామనిపించింది.

లేన్‌డర్ట్ తల్లివైపు చూశాడు. అత్తయ్య చేతిలోని జున్ను ముక్కవైపు చూసింది. షాన్ ఏడుపు ఆగింది.

"మీ ఇల్లు ఆ వీధిలో లేదే" అంది అత్తయ్య చివరికి. "వాడు వద్దన్నాడు."

వెనక్కి తిరిగాను. క్రైన్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను మరిచిపోయిన ఆవాల గిన్నె చేతిలో ఉంది.

"మరి నువ్వు ఇల్లెక్కడ అడిగావు?"

"హుక్‌లో. సముద్రం దగ్గర, ఇసుక దిబ్బల వెనక. చిన్నది."

"ఎంత చిన్నది?"

"ఒక గది."

ఎవరిదో కుర్చీ కిర్రుమంది. అందరి ముందూ అడగకూడదని తెలుసు. అయినా వాళ్ళకు ఇప్పటికే తెలిసినదాన్ని ఎవరి దగ్గర దాచాలి?

"అందరూ ఒక వీధికి పోతుంటే నువ్వొక్కడివీ ఆ చివరికెందుకు?"

"ఆ వీధిలో ఉంటే రోజూ ఎవరో ఒకరు నీ గురించి అడుగుతారు" అన్నాడు. "ఏం చెప్పను? 'నన్ను ఇక్కణ్ణించి మోసుకుపోవాల్సిందే' అని టీవీవాళ్ళ ముందు అన్నది నువ్వు. నేనది నిజమనే అనుకున్నా. నువ్వు ఆడి తప్పే మనిషివి కాదు. నిన్ను మోసుకుపోయేవాడు నేను కాకూడదనుకున్నా, అంతే."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో క్రైన్ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినలేదు. ఏడవాలో కొట్టాలో తెలియక పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

క్రైన్ ముందుకొచ్చి ఆవాల గిన్నె నా చేతిలోని పళ్ళెంలో పెట్టాడు. ఎవరి మొహమూ చూడకుండా, నాకొక్కదానికే వినపడేట్టు అనబోయాడు. కానీ ఆ గదిలో అలా ఎవరూ మాట్లాడలేరు. అందరూ విన్నారు.

"ఇంకా ఖాయం చెయ్యలేదు తీనెకె. రేపు సాయంత్రంలోగా చెప్పమన్నారు. ఏమని చెప్పను? ఒక్కరికా, ఇద్దరికా?"